గ్యాస్ ప్రాసెసింగ్ ప్లాంట్‌లో హాజాప్ రికార్డు రాయడం: పరిధి పత్రం నుంచి చివరి సిఫారసు మూసేదాకా

హాజాప్ స్టడీ, అంటే ప్లాంట్ అనుకున్న తీరు నుంచి ఎక్కడెక్కడ తప్పి ప్రమాదం రావచ్చో బృందం కూర్చుని వరుసగా వెతికే పరిశీలన, ముగిసిన మర్నాడు చేతిలో మిగిలేది రికార్డు ఒక్కటే. ప్రాసెస్ ఇంజినీరు వేసిన లెక్క, ఆపరేటర్ గుర్తుచేసిన పాత ట్రిప్ (పరికరం దానంతటదే ఆగిపోయిన సందర్భం), ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరు లేవనెత్తిన అనుమానం అన్నీ వర్క్‌షీట్‌లో పడితేనే ఉన్నట్టు. ఆ వర్క్‌షీట్ తర్వాత చాలామంది చేతుల్లోకి వెళ్తుంది. లోపా (రక్షణ పొరలు సరిపోతాయా అన్న విశ్లేషణ) చేసే బృందం, రిలీఫ్ వాల్వ్ (పీడనం మించితే తెరుచుకునే వాల్వ్) లెక్కలు సరిచూసే ఇంజినీరు, కొన్నేళ్లకు రీవాలిడేషన్‌కు (పాత స్టడీని తిరిగి సరిచూడటానికి) కూర్చునేవాళ్లు, ప్లాంట్‌లో మార్పు తలపెట్టినవాళ్లు, జరగరానిది జరిగితే దర్యాప్తుకు వచ్చేవాళ్లు దాన్ని చదువుతారు. వీళ్లలో చాలామంది ఆ రోజు గదిలో ఉండరు. ప్రతి వరుసా వాళ్లకు అర్థమయ్యేలా ఉండాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ అవసరంలోంచి పుట్టినవే.

హాజాప్ 1960లలో బ్రిటన్‌లోని ఐసీఐ రసాయన సంస్థలో రూపుదిద్దుకుంది. ఇప్పుడు దీనికి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61882. దాని మొదటి ముద్రణ 2001లో, రెండోది 2016లో వచ్చాయి. గైడ్ వర్డ్‌లు ("లేదు", "తక్కువ" వంటి ప్రశ్నించే మాటలు) ఏమిటి, బృందంలో ఎవరుండాలి, ఏయే అంశాలు నమోదు చేయాలి అన్నవి అందులో ఉన్నాయి. ప్రాథమిక విషయాలు మీకు తెలుసనుకుని, గ్యాస్ ప్లాంట్ రికార్డు ఎక్కడ బలహీనపడుతుందో అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి దశ: పరిధి పత్రం

మీటింగ్ మొదలవకముందే టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్ రాసి, ప్లాంట్ యాజమాన్యంతో సంతకం చేయించండి. స్టడీ ఏ వాల్వ్ దగ్గర మొదలై ఏ వాల్వ్ దగ్గర ఆగుతుందో అందులో ట్యాగ్ నంబర్లతో సహా ఉండాలి. "ఇన్లెట్ నుంచి సేల్స్ గ్యాస్ దాకా" అని రాస్తే ఫ్లేర్ హెడర్, ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్, హాట్ ఆయిల్, క్లోజ్డ్ డ్రెయిన్ ఎవరి లెక్కలో ఉన్నాయో తేలదు. యూటిలిటీలు రెండు పరిధుల మధ్య పడి జారిపోవడం చాలా స్టడీల్లో కనిపించే లోపం.

తర్వాత రాయాల్సింది ఏయే నడక స్థితులు చూస్తారన్నది. గ్యాస్ ప్లాంట్ ఎప్పుడూ ఒకే తీరున నడవదు. గ్యాస్‌ను వ్యాకోచింపజేసి చల్లబరిచే టర్బోఎక్స్‌పాండర్ ఆగితే, గ్యాస్ దాని బదులు పీడనం తగ్గించే జేటీ వాల్వ్ గుండా వెళ్తుంది. గ్యాస్‌లోని నీటిని పట్టే మాలిక్యులర్ సీవ్ బెడ్‌లు అధిశోషణం, వేడిచేయడం, చల్లార్చడం మధ్య గంటల లెక్కన మారుతుంటాయి. పైప్‌లైన్ పిగ్గింగ్ (శుభ్రపరిచే పరికరాన్ని లోపల నడపడం) జరిగినప్పుడు స్లగ్ క్యాచర్‌లోకి (ద్రవాన్ని పట్టే పాత్రలోకి) ఒక్కసారిగా ద్రవం పోటెత్తుతుంది. స్టార్టప్, ప్లాన్డ్ షట్‌డౌన్, ఎమర్జెన్సీ డీప్రెషరైజేషన్ వీటికి అదనం. చూడబోయేవాటి పేర్లు రాయండి. చూడనివాటి పేర్లు కారణంతో సహా రాయండి.

ఊహలకు విడిగా ఒక పేజీ కేటాయించండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు వైఫల్యాలు ఒకేసారి రావన్న ఊహ దాదాపు ప్రతి స్టడీలోనూ ఉంటుంది. దాని హద్దు కూడా రాయాలి. ఎప్పుడో పాడైపోయి, బయటికి తెలియకుండా ఉండిపోయిన పరికరాన్ని రెండో వైఫల్యంగా కొట్టిపారేయకూడదు. చెక్ వాల్వ్‌ను ఎంతవరకు నమ్ముతారు, తాళం వేసిన మాన్యువల్ వాల్వ్‌ను ఎలా చూస్తారు, రిస్క్ మ్యాట్రిక్స్ (తీవ్రతనూ సంభావ్యతనూ కలిపి ర్యాంకు ఇచ్చే పట్టిక) ఏది అన్నవి కూడా ఇక్కడే తేల్చండి. ఇవి ముందే కాగితం మీద లేకపోతే నాలుగో రోజు మధ్యాహ్నం ఒక్కో నోడ్ (విడిగా పరిశీలించే ప్లాంట్ భాగం) దగ్గర ఒక్కో నియమం పుట్టుకొస్తుంది. తర్వాత చదివేవాళ్లకు ఆ తేడా ఎందుకొచ్చిందో అంతుచిక్కదు.

రికార్డు ఏ పద్ధతిలో ఉంటుందో కూడా ఇక్కడే రాయండి. సమస్య కనిపించిన డీవియేషన్‌లను (అనుకున్న తీరు నుంచి తప్పిపోవడాలను) మాత్రమే నమోదు చేసే పద్ధతి ఉంది, ప్రతి డీవియేషన్‌నూ నమోదు చేసే పూర్తి పద్ధతి ఉంది. గ్యాస్ ప్లాంట్‌కు నా ఓటు పూర్తి పద్ధతికే. ఖాళీగా వదిలేసిన వరుసను చూసి, దాన్ని చర్చించి ప్రమాదం లేదని తేల్చారా, అసలు చర్చకే రాలేదా అన్నది ఎవరూ చెప్పలేరు.

రెండో దశ: డ్రాయింగ్‌లు, డేటా

పీ అండ్ ఐడీలు (పైపులు, పరికరాలు చూపే డ్రాయింగ్‌లు), హీట్ అండ్ మెటీరియల్ బ్యాలెన్స్, కాజ్ అండ్ ఎఫెక్ట్ చార్టులు, రిలీఫ్ వాల్వ్ లెక్కలు, ఎక్విప్‌మెంట్ డేటాషీట్‌లు, లైన్ లిస్ట్, ఆపరేటింగ్ ప్రొసీజర్లు, పాత హాజాప్, గత ప్రమాదాలూ తృటిలో తప్పిన సంఘటనల జాబితా: ఇవన్నీ రివిజన్ నంబర్‌తో, తేదీతో రిజిస్టర్‌లో ఎక్కాలి. స్టడీ మొదలైన రోజు ఏ రివిజన్ ఉందో దాన్నే మాస్టర్ సెట్‌గా స్తంభింపజేయండి. మధ్యలో కొత్త రివిజన్ వస్తే పాత కాగితం తీసేయకుండా, మారిన చోటును నోట్‌గా రాయండి.

నడుస్తున్న ప్లాంట్ అయితే డ్రాయింగ్ పట్టుకుని సైట్‌లో నడవక తప్పదు. ముఖ్యంగా కంట్రోల్ వాల్వ్ బైపాస్‌లు, రిలీఫ్ వాల్వ్‌ల ముందూ వెనకా ఉన్న ఐసొలేషన్ వాల్వ్‌లు, తాత్కాలికమని పెట్టి అలాగే ఉండిపోయిన హోస్ కనెక్షన్లు చూడండి. ఎవరు నడిచారు, ఏ షీట్లు సరిచూశారు, ఏమేం తేడాలు కనిపించాయి అన్నది రికార్డులో భాగమే.

డేటాషీట్‌లలో ఒక అంశం మీద ప్రత్యేకంగా కన్నేయాలి. అది ప్రతి వెసెల్‌కూ పైపుకూ ఉన్న కనిష్ఠ డిజైన్ ఉష్ణోగ్రత. గరిష్ఠ పీడనం అందరూ చూస్తారు. చల్లదనం హద్దు చూసేవాళ్లు తక్కువ. గ్యాస్ ప్లాంట్‌లో సగం ప్రమాదం అటువైపే ఉంటుంది.

మూడో దశ: నోడ్‌లు, డిజైన్ ఇంటెంట్

నోడ్ మరీ పెద్దదైతే కారణాలు తప్పిపోతాయి. మరీ చిన్నదైతే ఒకే వాక్యం పదిసార్లు రాస్తారు. పీడనం గానీ, ఉష్ణోగ్రత గానీ, ద్రవ్య స్థితి గానీ, ఉద్దేశం గానీ మారే చోట నోడ్ మార్చండి. గ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్ వంటివాటిని తొలగించే ఎమైన్ యూనిట్‌నే తీసుకుంటే, కాంటాక్టర్‌లోకి వచ్చే సోర్ గ్యాస్ (శుద్ధి కాని గ్యాస్) ఒక నోడ్. రిచ్ ఎమైన్ (వాటిని పీల్చుకున్న ద్రావణం) ఫ్లాష్ డ్రమ్ దాకా ఒకటి, రీజెనరేటర్ ఒకటి, లీన్ ఎమైన్ (శుభ్రపడిన ద్రావణం) తిరుగు ప్రయాణం మరొకటి. మార్క్ చేసిన పీ అండ్ ఐడీ మీద ఒక్కో నోడ్‌కు ఒక్కో రంగు వేసి, స్టడీ తర్వాత ఆ రంగుల కాపీనే రిపోర్టుకు జతచేయాలి. ఏ రంగూ పడని లైన్ కనిపిస్తే అది ఎవరూ చూడని లైన్ అన్నమాట.

డిజైన్ ఇంటెంట్ (ఆ నోడ్ ఎలా నడవాలన్నది) రాయడంలో చాలామంది ఒక వాక్యంతో సరిపెట్టేస్తారు. "గ్యాస్ నుంచి ద్రవాన్ని వేరుచేయడం" అని రాస్తే దేని నుంచి పక్కకు తప్పితే డీవియేషన్ అవుతుందో తెలియదు. ఇంటెంట్‌లో అంకెలు ఉండాలి. ఒక ఊహాజనిత ప్లాంట్‌కు ఇలా రాయవచ్చు (ఎల్‌వి అంటే లెవెల్ కంట్రోల్ వాల్వ్):

"ఇన్లెట్ సెపరేటర్ వి-101: 68 బార్, 35 డిగ్రీల వద్ద గ్యాస్ నుంచి కండెన్సేట్‌ను వేరుచేయడం. కండెన్సేట్ ఎల్‌వి-101 ద్వారా ఫ్లాష్ డ్రమ్ వి-205కు వెళ్తుంది. వి-205 నడిచే పీడనం 7 బార్, డిజైన్ పీడనం 10.5 బార్, కనిష్ఠ డిజైన్ ఉష్ణోగ్రత మైనస్ 29 డిగ్రీలు."

ఈ నాలుగు ముక్కలు చదవగానే అసలు ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. 68కీ 10.5కీ మధ్య ఉన్నది ఒక్క కంట్రోల్ వాల్వ్, దాని ముందు నిలిచిన కాస్త ద్రవం.

నాలుగో దశ: కారణం, పర్యవసానం, సేఫ్‌గార్డ్

రికార్డు విలువ తేలేది ఈ మూడు కాలమ్‌ల దగ్గరే. పై సెపరేటర్‌నే తీసుకుని చూద్దాం. డీవియేషన్ వి-101లో లెవెల్ తక్కువ లేదా లేకపోవడం. చాలా రిపోర్టుల్లో ఆ వరుస ఇలా ఉంటుంది (గ్యాస్ బ్లోబై అంటే ద్రవం అయిపోయి దాని దారిలో గ్యాస్ చొరబడటం, పీఎస్‌వీ అంటే రిలీఫ్ వాల్వ్):

"కారణం: లెవెల్ కంట్రోల్ ఫెయిల్యూర్. పర్యవసానం: గ్యాస్ బ్లోబై, ఓవర్‌ప్రెషర్ అయ్యే అవకాశం. సేఫ్‌గార్డ్: లో లెవెల్ అలారం, పీఎస్‌వీ, ఆపరేటర్. సిఫారసు: లేదు."

ఇందులో అబద్ధం ఏదీ లేదు. అయినా గదిలో లేని మనిషికి ఇది ఏమీ చెప్పదు. లెవెల్ కంట్రోల్ ఎలా ఫెయిలైంది? వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుందా, ట్రాన్స్‌మిటర్ తప్పుగా ఎక్కువ చూపిందా? ఓవర్‌ప్రెషర్ ఎంతవరకు పోతుంది? పీఎస్‌వీ ఈ సందర్భానికి సరిపోతుందా? ఏ అలారం? ఒక్కదానికీ జవాబు లేదు.

కారణంతో మొదలుపెట్టండి (కింద ఎల్‌టీ అంటే లెవెల్ ట్రాన్స్‌మిటర్, ఎల్‌ఐసీ అంటే దాని కంట్రోలర్). ఒక వరుసకు ఒకే కారణం, పరికరం పేరుతో, ఎలా విఫలమైందో చెబుతూ రాయండి. "ఎల్‌టీ-101 తప్పుగా ఎక్కువ లెవెల్ చూపడం వల్ల ఎల్‌ఐసీ-101, ఎల్‌వి-101ను పూర్తిగా తెరవడం" ఒక కారణం. "ఎల్‌వి-101 బైపాస్‌ను మెయింటెనెన్స్ తర్వాత మూయకుండా వదిలేయడం" మరో కారణం. రెండింటికీ పర్యవసానం ఒకేలా కనిపించినా రక్షణలు ఒకటి కావు కాబట్టి విడి వరుసలు కావాలి. కారణం ఈ నోడ్‌లోపలే ఉండాలి. పర్యవసానం మాత్రం ప్లాంట్‌లో ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా రాయాలి.

పర్యవసానాన్ని ఏ రక్షణా లేదనుకుని చివరిదాకా రాయండి. చాలామంది చెయ్యి ఇక్కడే బిగుసుకుపోతుంది. అలారం ఉంది కదా, ట్రిప్ ఉంది కదా అనుకుని "ప్రాసెస్ అప్‌సెట్" అని ఆపేస్తారు. అప్పుడు తీవ్రత అంకె తగ్గిపోతుంది, తర్వాత లోపాలో ఆ సందర్భం చర్చకే రాదు. గొలుసు ఇలా సాగాలి:

"ఎల్‌వి-101 పూర్తిగా తెరుచుకుంటే ముందుగా వి-101లోని కండెన్సేట్ అంతా వి-205లోకి వస్తుంది. వి-205లో ఖాళీ చాలకపోతే అది ద్రవంతో నిండిపోవచ్చు. వి-101 ఖాళీ అయ్యాక 68 బార్ గ్యాస్ నేరుగా వి-205లోకి చొరబడుతుంది. అక్కడి పీడనం 10.5 బార్ డిజైన్ హద్దు దాటి, బయటికి పోయే దారి చాలకపోతే 68 బార్ దాకా, అంటే డిజైన్ పీడనానికి ఆరు రెట్లకు పైగా పెరగవచ్చు. వెసెల్ పగిలి మండే గ్యాస్ పెద్ద మొత్తంలో బయటపడి, నిప్పంటుకుని, ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లు చనిపోవచ్చు."

ద్రవంతో నిండిపోవచ్చు అన్న ఆ చిన్న వాక్యం చూడండి. వి-205 పైన ఉన్న రిలీఫ్ వాల్వ్ గ్యాస్‌కు మాత్రమే లెక్కకట్టి ఉంటే, ముందు ద్రవమో, ద్రవం గ్యాస్ కలిసినదో దాని గుండా పోవాల్సి రావచ్చు. అప్పుడు ఆ లెక్క పనికిరాదు. గొలుసును మెట్టు మెట్టుగా రాసినప్పుడే ఇలాంటివి బయటపడతాయి.

ఇక సేఫ్‌గార్డ్‌లు. ప్రతి సేఫ్‌గార్డ్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఈ కారణం నుంచి స్వతంత్రంగా ఉందా? ఈ పర్యవసానాన్ని పూర్తిగా ఆపగలదా? సమయానికి పనిచేస్తుందా? మన ఉదాహరణలో లో లెవెల్ అలారం కూడా ఎల్‌టీ-101 నుంచే వస్తుంటే అది సేఫ్‌గార్డ్ కాదు. ఆ ట్రాన్స్‌మిటర్ ఎక్కువ చూపుతోంది కాబట్టే గొడవ మొదలైంది, ఇక తక్కువ అలారం మోగేదెలా? దాన్ని కాలమ్‌లోంచి తీసేయడంతో ఆగకుండా, ఎందుకు తీసేశారో రిమార్క్స్‌లో రాయండి. లేకపోతే ఐదేళ్ల తర్వాత ఎవరో "ఇది మర్చిపోయారు" అనుకుని మళ్లీ చేరుస్తారు.

విడిగా ఉన్న ఎల్‌టీ-102 నుంచి అతితక్కువ లెవెల్ వద్ద కండెన్సేట్ లైన్‌లోని షటాఫ్ వాల్వ్ ఎక్స్‌వి-103ను మూసే ట్రిప్ ఉంటే దాన్ని ట్యాగ్‌తో, ఏది చూసి ఏది మూస్తుందో చెబుతూ రాయండి. పీఎస్‌వీ-205ను రాసేటప్పుడు గ్యాస్ బ్లోబై కేసుకు లెక్క ఉందో లేదో డాక్యుమెంట్ నంబర్‌తో చూపండి. ఆ లెక్కలో నిజంగా బిగించిన వాల్వ్ సామర్థ్యం తీసుకున్నారా, బైపాస్ కూడా తెరిచి ఉండొచ్చన్నది చూశారా అన్నది మరో మాటలో చేర్చండి. లెక్క చేతిలో లేకపోతే పీఎస్‌వీని నమ్మినట్టు రాయకండి. అది సిఫారసుగా మారాలి.

ఆపరేటర్‌ను సేఫ్‌గార్డ్‌గా రాయాలంటే మూడు ముక్కలు కలిసి ఉండాలి: ఏ అలారం మోగుతుంది, అప్పుడు ఏం చేయాలి, చేయడానికి ఎంత సమయం ఉంది. "ఆపరేటర్ జోక్యం" అన్న రెండు మాటలు ఎక్కడ కనిపించినా అడ్డుకునే హక్కు స్క్రైబ్‌కు (రికార్డు రాసే మనిషికి) ఉండాలి. ట్రైనింగ్, ప్రొసీజర్, మెయింటెనెన్స్ వంటి సాధారణ మాటలను ప్రతి వరుసలో పేరిస్తే అసలు రక్షణలు వాటి మధ్య కనబడకుండా పోతాయి.

ఐదో దశ: గ్యాస్ ప్లాంట్‌లో తప్పకుండా రాయాల్సినవి

చల్లదనం గురించి పైన ఒక మాట అన్నాను. సహజవాయువు పీడనం ఒక్కో బార్ తగ్గినప్పుడు సుమారుగా అర డిగ్రీ చల్లబడుతుంది. 60 బార్ పడిపోతే 30 డిగ్రీల దాకా తగ్గుదల అన్నమాట. ముందే చల్లగా ఉన్న చోట ఇది మామూలు కార్బన్ స్టీల్ హద్దు దాటిస్తుంది. స్టీల్ పెళుసుబారుతుంది. పెళుసుబారిన వెసెల్‌కు మళ్లీ పీడనమో, ఒక్కసారిగా వేడో తగిలితే పగలవచ్చు. అందుకే "తక్కువ ఉష్ణోగ్రత" డీవియేషన్ కింద చల్లబడటం ఒక వరుస అయితే, చల్లబడ్డాక మళ్లీ నడపడం మొదలుపెట్టడం విడి వరుస కావాలి.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం లాంగ్‌ఫర్డ్ గ్యాస్ ప్లాంట్‌లో 1998 సెప్టెంబర్ 25న జరిగింది సరిగ్గా అదే. గ్యాస్‌లోని బరువైన భాగాలను పీల్చుకునే వేడి లీన్ ఆయిల్ ప్రవాహం ఆగిపోయింది. మామూలుగా వేడిగా ఉండాల్సిన హీట్ ఎక్స్‌ఛేంజర్ సున్నాకు చాలా దిగువకు చల్లబడింది. వేడి ఆయిల్‌ను తిరిగి పంపినప్పుడు పెళుసుబారిన ఎక్స్‌ఛేంజర్ పగిలింది. ఇద్దరు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు. రాష్ట్రంలో గ్యాస్ సరఫరా రెండు వారాలకు పైగా దెబ్బతింది. పగిలిన ఎక్స్‌ఛేంజర్ ఉన్న మొదటి గ్యాస్ ప్లాంట్‌కు హాజాప్ చేయాలని అనుకున్నారు గానీ చేయలేదని రాయల్ కమిషన్ విచారణలో బయటపడింది. "ప్రవాహం లేదు" అన్న డీవియేషన్‌ను లీన్ ఆయిల్ లైన్‌కు పెట్టి, పర్యవసానాన్ని ఎక్స్‌ఛేంజర్ లోహం దాకా రాసి ఉంటే ఆ ప్రమాదం కాగితం మీద ముందే కనిపించేదని నా గట్టి నమ్మకం.

హైడ్రేట్‌లది ఇంకో కథ. నీరున్న గ్యాస్ పీడనంలో చల్లబడితే సున్నా డిగ్రీల కంటే పైనే మంచులాంటి గడ్డలు కడతాయి. "ప్రవాహం తక్కువ" కింద హైడ్రేట్ అడ్డంకి రాసి వదిలేయకండి. ఆ అడ్డంకిని తొలగించేటప్పుడు ఒకవైపే పీడనం తీస్తే, గడ్డ పైపులో తుపాకీ గుండులా దూసుకుపోతుంది. దాన్ని మరో వరుసగా రాసి, రెండువైపులా పీడనం తగ్గించే ప్రొసీజర్‌ను పేరుతో సూచించండి. హైడ్రేట్ కట్టకుండా చూసే మెథనాల్ ఇంజెక్షన్ ఆగిపోతే ఎంతసేపటికి తెలుస్తుంది అన్నది కూడా రాయాలి.

హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న ప్లాంట్‌లో పర్యవసానం "విషవాయువు లీక్" అన్న దగ్గర ఆగకూడదు. ఆ లైన్‌లో గాఢత ఎంత, దగ్గర్లో ఎవరుంటారు, డిటెక్టర్ ఎక్కడుంది అన్నవి రాయండి. 100 పీపీఎం దరిదాపుల్లో ఈ వాయువు వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. కాబట్టి "ఆపరేటర్ వాసన ద్వారా గుర్తిస్తాడు" అన్నది ఏ వరుసలోనూ సేఫ్‌గార్డ్ కాకూడదు.

క్రయోజెనిక్ విభాగంలో అల్యూమినియం ఎక్స్‌ఛేంజర్‌లకు పాదరసం పడదు. పాదరసాన్ని పట్టే మెర్క్యురీ బెడ్ తన శక్తి అయిపోయాక కూడా మౌనంగా గ్యాస్‌ను వదులుతూనే ఉంటుంది. "యాజ్ వెల్ యాజ్" (ఉండాల్సినదానితో పాటు మరొకటి) అన్న గైడ్ వర్డ్ ఎక్కువగా ఉపయోగపడేది ఇలాంటి చోటే. నీరు, కార్బన్ డయాక్సైడ్, పాదరసం, గ్లైకాల్, కంప్రెసర్ ఆయిల్, మాలిక్యులర్ సీవ్ పొడి ఒక్కోటీ ఒక్కో వరుస. రివర్స్ ఫ్లో విషయంలో కంప్రెసర్ ట్రిప్ అయినప్పుడు డిశ్చార్జ్ నుంచి సక్షన్ వైపు గ్యాస్ వెనక్కి వచ్చి నిలబడే పీడనాన్ని సక్షన్ వెసెల్ డిజైన్‌తో పోల్చి అంకె రాయండి.

ఆరో దశ: రిస్క్ ర్యాంకింగ్

ముందుగా తీవ్రత, తర్వాత సంభావ్యత. రక్షణలు లేకుండా ఒక ర్యాంకు, ఉన్న రక్షణలతో ఒక ర్యాంకు, సిఫారసు అమలైతే వచ్చే ర్యాంకు వేరువేరు కాలమ్‌లలో ఉండాలి. ఒకే కాలమ్‌లో కలిపేస్తే ఆ అంకె దేనిదో తర్వాత ఎవరికీ తెలియదు. అంకె గురించి బృందంలో అభిప్రాయభేదం వస్తే రెండు వాదనలూ రిమార్క్స్‌లో ఒక్కో వాక్యంగా రాసి, ఎక్కువ రిస్క్ వైపు మొగ్గండి. ర్యాంకు మీద గంటసేపు వాదించడం కన్నా ఆ సమయాన్ని పర్యవసానం గొలుసు మీద పెట్టడం మేలు.

ఏడో దశ: సిఫారసు రాయడం

యాక్షన్ జాబితాలోకి వెళ్లాక సిఫారసు తన వరుస నుంచి విడిపోతుంది. పక్కన కారణం ఉండదు, పర్యవసానం ఉండదు, ఒంటరిగా ఒక డిపార్ట్‌మెంట్ మెయిల్‌లోకి వెళ్తుంది. అక్కడ "పీఎస్‌వీ సైజింగ్ పరిశీలించండి" అన్న నాలుగక్షరాలు చదివిన మనిషి "పరిశీలించాం, సరిపోతుంది" అని రాసి మూసేస్తాడు. తప్పు అతనిది కాదు. అడిగిందే అంత.

మన ఉదాహరణకు సిఫారసు ఇలా రాయవచ్చు: "ఎల్‌వి-101తో పాటు దాని బైపాస్ కూడా పూర్తిగా తెరుచుకున్నప్పుడు వి-101 నుంచి వి-205లోకి వచ్చే 68 బార్ గ్యాస్ ప్రవాహానికి పీఎస్‌వీ-205 సరిపోతుందా అన్నది లెక్కించాలి. వి-101లోని మొత్తం కండెన్సేట్ వి-205లో ఇముడుతుందా అన్నది కూడా సరిచూడాలి. సరిపోకపోతే బైపాస్ సామర్థ్యాన్ని పరిమితం చేయడం, రిలీఫ్ సామర్థ్యం పెంచడం వంటి మార్గాలు ప్రతిపాదించాలి. ఉద్దేశం: వి-205 డిజైన్ పీడనం దాటి పగలకుండా చూడటం. బాధ్యత: ప్రాసెస్ విభాగం."

ఇందులో ఏం చేయాలి, ఎక్కడ, ఎందుకు, ఎవరు అన్న నాలుగూ ఉన్నాయి. గదిలోనే డిజైన్ చేయబోవద్దు. "ఎనిమిది అంగుళాల పీఎస్‌వీ పెట్టండి" అని రాస్తే అంతకన్నా మంచి మార్గానికి తలుపు మూసినట్టే. అలాగని "పరిగణించండి" అన్న క్రియను వాడితే పరిగణించి వదిలేస్తారు. లెక్కించాలి, మార్చాలి, సరిచూసి నివేదించాలి వంటి తేలే క్రియలు వాడండి. సమాచారం దొరకక ఆగిపోయిన ప్రశ్నలను సిఫారసుల్లో కలపకుండా పార్కింగ్ లాట్ జాబితాలో పెట్టి, స్టడీ ముగిసేలోపు ఒక్కొక్కటీ మూయండి.

ఎనిమిదో దశ: గదిలో స్క్రైబ్ పని

వర్క్‌షీట్ పెద్ద తెరమీద అందరికీ కనిపిస్తూ ఉండాలి. రాసిన వాక్యాన్ని లీడర్ పైకి చదివి, బృందం ఒప్పుకున్నాకే తర్వాతి వరుసకు వెళ్లాలి. సాయంత్రం గదికి వెళ్లి గుర్తున్నంత రాసుకుందామంటే సగం పోతుంది, మిగతా సగం స్క్రైబ్ సొంత మాట అవుతుంది. ప్లాంట్ తెలిసిన ఇంజినీరునే స్క్రైబ్‌గా పెట్టండి. టైపింగ్ వేగం చూసి ఎంచుకున్న మనిషికి బ్లోబైకీ బ్లోడౌన్‌కీ (కావాలనే పీడనం వదలడానికీ) తేడా తెలియకపోతే రికార్డు చెడుతుంది.

ప్రతిరోజూ హాజరు పట్టిక తప్పనిసరి. ఏ నోడ్ చర్చలో ఎవరున్నారు, మధ్యలో ఎవరు లేచి వెళ్లారు అన్నది కూడా పట్టాలి. ఆపరేషన్స్ మనిషి లేని పూట చేసిన నోడ్‌ను ఆయన వచ్చాక మళ్లీ చదివించి, చదివించినట్టు రాయండి. పాత డీవియేషన్ వరుసలను కాపీ చేసి అతికించడం రెండు సమాంతర ట్రెయిన్‌లకు (ఒకేలాంటి యూనిట్ల వరుసలకు) కూడా ప్రమాదమే. ట్యాగ్‌లు మారవు, చిన్న చిన్న తేడాలు కప్పుకుపోతాయి. కాపీ చేయక తప్పకపోతే తేడాలను విడిగా చదివి రాయండి.

తొమ్మిదో దశ: రిపోర్టు

రిపోర్టులో పరిధి పత్రం, బృందం వివరాలు, డాక్యుమెంట్ రిజిస్టర్, నోడ్ జాబితా, రంగులు వేసిన మాస్టర్ పీ అండ్ ఐడీలు, పూర్తి వర్క్‌షీట్‌లు, సిఫారసుల జాబితా, ఊహలు, రిస్క్ మ్యాట్రిక్స్ ఉంటాయి. ముందుమాటలో తీవ్రమైన ప్రమాద సందర్భాలను వివరిస్తూ రెండు పేజీలు రాయండి. యాజమాన్యం చదివేది ఆ రెండు పేజీలే. సిఫారసుల సంఖ్య చెప్పడం కన్నా, ఏ సందర్భాల్లో మనుషుల ప్రాణాలకు ముప్పు ఉందో, వాటి మధ్య నిలబడ్డ రక్షణలు ఏవో చెప్పడం ముఖ్యం.

ముసాయిదాను బృందానికంతా పంపి, వ్యాఖ్యలకు గడువు పెట్టండి. సంపాదకత్వం పేరుతో అర్థం మార్చకూడదు. ర్యాంకు గానీ సిఫారసు గానీ మార్చాల్సి వస్తే బృందాన్ని మళ్లీ కూర్చోబెట్టాలి.

పదో దశ: మూసివేత, ఆ తర్వాత

ప్రతి సిఫారసుకు ఒక మూసివేత షీట్ ఉండాలి. అందులో తీసుకున్న చర్య, ఆధారమైన లెక్క లేదా డ్రాయింగ్ నంబర్, సరిచూసిన మనిషి సంతకం, తేదీ పడాలి. "అంగీకరించాం" అన్నది మూసివేత కాదు. సైట్‌లో వాల్వ్ బిగించి, పీ అండ్ ఐడీ రివైజ్ అయి, ఆపరేటర్లకు చెప్పాకే మూయాలి. సిఫారసును తిరస్కరించే హక్కు యాజమాన్యానికి ఉంది. తిరస్కరణకు సాంకేతిక కారణం కాగితం మీద ఉండాలి, దాన్ని హాజాప్ లీడర్ గానీ అంతటి అనుభవం ఉన్న మరొకరు గానీ చదివి సరేననాలి.

సిఫారసు వల్ల వచ్చే మార్పు కొత్త ప్రమాదం తెచ్చిపెట్టొచ్చు. ఎక్స్‌వి-103 ట్రిప్ కొత్తగా చేర్చితే అది అకారణంగా మూసుకున్నప్పుడు వి-101 నిండి, ద్రవం గ్యాస్ లైన్‌లో కంప్రెసర్ దాకా పోయే దారి ఏర్పడుతుంది. కాబట్టి ప్రతి మార్పూ ఎంఓసీ (మార్పులను ముందే పరిశీలించి ఆమోదించే పద్ధతి) ద్వారా వెళ్లాలి, మారిన నోడ్‌లో సంబంధిత వరుసలను మళ్లీ చూడాలి, పాత వరుసను చెరపకుండా రివిజన్ గుర్తుతో కొత్తది చేర్చాలి.

రీవాలిడేషన్ గడువులు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో 1992లో వచ్చిన ప్రాసెస్ సేఫ్టీ నిబంధన కనీసం ఐదేళ్లకొకసారి తిరిగి సరిచూడమంటుంది. ప్రాసెస్ బతికున్నంత కాలం ఈ రికార్డులను ఉంచమని కూడా చెబుతుంది. గడువు రాగానే పాత వర్క్‌షీట్ మీద కొత్త తేదీ వేసి పంపేయకండి. ఈ మధ్యకాలంలో వచ్చిన ఎంఓసీలు, ట్రిప్‌లు, రిలీఫ్ వాల్వ్ లేచిన సందర్భాలు, టెస్ట్‌లో పనిచేయకుండా దొరికిన పరికరాలు ఒక జాబితాగా ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ పాత రికార్డులో ఏ వరుసకు చెందుతుందో వెతకండి. ఏ వరుసకూ చెందని సంఘటన దొరికితే పాత బృందం చూడని కారణం ఒకటి అక్కడ ఉన్నట్టే. ఆ నోడ్‌ను మొదటి గైడ్ వర్డ్ నుంచి మళ్లీ చేయండి.